ముందుగా చెయ్యెత్తని వాళ్ళు

కొత్తగా తహసీల్దార్లయిన పిల్లలు కొందరు నాకు అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంటారు. పండుగలు దగ్గర పడుతున్నకొద్దీ ఆ ఫోన్లు ఎక్కువవుతాయి. "మేడం, రేపు పీస్ కమిటీ మీటింగ్. ఎట్లా నడపాలి?" అని అడుగుతారు. సరిపోయినన్ని కుర్చీలు వేయించు, ఛాయ్ వేడిగా ఉండేట్టు చూడు, మైకు మాత్రం నీ చేతిలోనే పెట్టుకో, ఎవరికిచ్చినా తిరిగి రాదు అని చెప్తాను. వాళ్ళు నవ్వుతారు. నవ్వించడానికి నేనా మాట చెప్పను. ఉద్యోగకాలమంతా రెవెన్యూలో గడిపి ఈ విషయంలో నేను నేర్చుకున్నది నిజంగా అంతే.

శాంతి గురించి నేను విన్నన్ని ఉపన్యాసాలు ఏ ఆశ్రమంలో కూర్చున్నవాళ్ళూ విని ఉండరు. నిజామాబాద్‌లో డిప్యూటీ తహసీల్దారుగా ఉన్నప్పుడు విన్నాను, మాక్లూర్‌లో విన్నాను, కోటగిరిలో విన్నాను. మా మతం శాంతి మతం అని ఒకరు లేస్తారు. మాది అంతకంటే శాంతి మతం అని ఇంకొకరు లేస్తారు. ఇంత శాంతి ఉన్నచోట పోలీసు వ్యాను ఎందుకు నిలబడి ఉందో ఎవరూ అడగరు. చివరికి ఊరేగింపు ఏ సందులోంచి పోవాలి, డీజే ఎక్కడ ఆపాలి అనే మాట వచ్చేసరికి ఆ శాంతిమూర్తులందరూ ఒక్క గజం వెనక్కి తగ్గరు. ఇంటికి వెళ్ళి తలకు అమృతాంజనం రాసుకుని పడుకునేదాన్ని.

వాటిలో ఒక మీటింగు గురించీ, దాని తర్వాత జరిగినదాని గురించీ చెప్తాను. బోధన్‌కూ ఎడపల్లికీ అటూఇటూగా ఉన్న ఒక మండలంలో తహసీల్దారుగా ఉన్నాను. ఊరి పేరు చెప్పను, మనుషుల పేర్లూ చెప్పను. అందరూ ఇంకా అక్కడే ఉన్నారు, అవే పండుగలు చేసుకుంటున్నారు. ఒకప్పుడు చెరుకు బండ్లు వరసకట్టి పోయిన రోడ్డు మీద ఇప్పుడు వరికోత మిషన్లు తిరుగుతుంటాయి. ఊళ్ళో సగం ఇళ్ళ ముందు ఆడవాళ్ళు చాటలు ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతుంటారు. కొట్లాట అయితే మొదట ఆగిపోయేది వాళ్ళ పనే. మీటింగులకు మాత్రం వాళ్ళనెవరూ పిలవరు.

ఆ ఏడాది గణపతి నిమజ్జనం ముందు మీటింగులో ఒక కుర్రవాడు లేచి కొత్త కోరిక కోరాడు. శోభాయాత్రలో తల్వార్లు పట్టుకుంటామన్నాడు.

"మేడం, మా దేవుండ్ల చేతులల్ల ఆయుధాలుంటయి. ఖాళీ చేతుల దేవున్ని ఒక్కన్ని సూపెట్టుండ్రి. దేవుడు పట్టుకుంటె లేని తప్పు మేము పట్టుకుంటె ఎట్లొచ్చింది?"

మసీదు వాళ్ళు కూర్చున్న వైపు నుంచి ఇంకొకతను, "గట్లయితే మా జులూస్‌ల కూడ పట్టుకుంటం" అన్నాడు.

నేను పంతులుగారి వైపు చూశాను. గుడి పూజారి, మంచి ప్రవచనకారుడు, చుట్టుపక్కల ఊళ్ళలో ఆయన మాటకు విలువుంది. ఆయన చాలా బాగా చెప్పాడు. దేవుడు ఆయుధం పట్టింది కొట్టడానికి కాదు, కాపాడడానికి అన్నాడు. ధర్మం తెలిసినవాడు ముందుగా చెయ్యెత్తడు అన్నాడు. అయితే ఎదుటివాడు చెయ్యెత్తితే చూస్తూ కూర్చోవడం కూడా అధర్మమే అన్నాడు. మొదటి రెండు మాటలకూ కుర్రాళ్ళు ఫోన్లు చూసుకున్నారు. మూడో మాటకు చప్పట్లు కొట్టారు.

తర్వాత మౌలానాగారు మాట్లాడారు. పెద్ద వయసు, మెత్తని గొంతు. మా మతంలో అమన్‌కే, శాంతికే పెద్దపీట అన్నారు. జులుం మొదలుపెట్టినవాణ్ణి దేవుడు ఇష్టపడడు అన్నారు. అయితే తన మీదికి వచ్చినవాణ్ణి ఆపుకోవడం ప్రతి మనిషికీ హక్కు అన్నారు. ఆ మాటకు అటువైపు తలలన్నీ ఊగాయి.

మా రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ నా పక్కన కూర్చున్నాడు. ఊళ్ళో జనం ఇప్పటికీ గిర్దావర్ సాబ్ అనే పిలుస్తారు. ఎప్పుడూ నిద్రమొహంతో ఉండే మనిషి. నా వైపు వంగి మెల్లగా అన్నాడు.

"మేడం, ఇద్దరు పెద్దమనుషులు ముందుగాల కొట్టొద్దంటుండ్రు. మంచిదే. ఇగ కొట్టుకోవాల్నంటె ఒక్కటే తక్కువున్నది. అవుతలోడు ముందుగాల కొట్టిండని ఎవడన్న వచ్చి చెప్పాలె."

ఆ మాటతో నాకు చిరాకు వచ్చింది. నిజం చెప్పినందుకే వచ్చిందనుకుంటాను. తల్వార్లు వద్దని ఖచ్చితంగా చెప్పాను. అట్టముక్కతో చేసినవి కూడా వద్దన్నాను. మసీదు ముందు, వెల్డింగ్ షాపు దగ్గర్నుంచి కల్వర్టు దాకా డీజే బంద్ అని రాయించాను. కల్వర్టుకు ఇటువైపు దాకానా, అటువైపు దాకానా అని ఇంకో గంట వాదులాడారు. శాంతి మీద అంతసేపు మాట్లాడలేదు.

నిమజ్జనం రోజు పొద్దుటి నుంచీ ముసురు పట్టింది. పెద్ద విగ్రహాన్ని ఒక రైతు ట్రాక్టరు మీద పెట్టారు. ఆయనే నడుపుతున్నాడు. ఆయన నాకు తెలుసు. పాస్‌బుక్కులో విస్తీర్ణం తప్పు పడిందని మా ఆఫీసుకు వచ్చి, సరిచేసేదాకా అందరి ముందూ నన్ను నిలదీసిన మనిషి. కోపిష్టి. ప్రతి శనివారం గుడిలో భజనకు తాళాలు పట్టుకుని అందరికంటే ముందు కూర్చుంటాడు. విగ్రహం పక్కన, ట్రాక్టరు వెనక ట్రాలీ డబ్బా అంచు మీద నిలబడి జెండా ఊపుతున్నది ఆయన కొడుకు. బోధన్‌లో సెల్‌ఫోన్ల దుకాణంలో పనిచేస్తాడు.

నేనూ ఎస్సై కల్వర్టు దగ్గర నిలబడ్డాం. చెప్పిన చోట డీజే ఆపారు. ఆపినందుకు గొంతులు రెట్టింపు చేశారు. ట్రాక్టరు వెల్డింగ్ షాపు ముందుకు వచ్చిందో లేదో, జనం ఒక్కసారి అటు తోసుకున్నారు. ఎవరో కింద పడ్డారు. కాసేపటికి నేను చూసింది జెండా ఊపిన ఆ రైతు కొడుకు మొహం మీద రక్తం. ఎవరన్నారో తెలియదు, "రాయి" అన్నారు. ఆ ఒక్క మాట నా కళ్ళ ముందే ఊరేగింపు ఈ చివర నుంచి ఆ చివరికి పాకింది.

వెల్డింగ్ షాపు యజమాని ముస్లిం. ఆ సమయానికి షట్టరు ముందు నిలబడి ఉన్నాడు. ఎవరి ఫోనులోనో వీడియో దొరికింది. అందులో అతని చెయ్యి పైకి లేచి ఉంది. ఇక అంతే. చేతిలో ఏముందో ఆ వీడియోలో కనబడదు. కనబడకపోవడమే చాలా మందికి సాయపడింది. ఎస్సై తెలివిగా అతణ్ణి అక్కణ్ణుంచి తీసుకుపోయి స్టేషన్‌లో కూర్చోబెట్టాడు. అతని ప్రాణం కాపాడడానికి చేసిన పని, తెల్లారేసరికి ఫోన్లలో అరెస్టయింది. అరెస్టు కాస్తా నేరం ఒప్పుకోవడమయింది.

మర్నాడు పొద్దున చౌరస్తాలో టెంటు వేసి ధర్నాకు కూర్చున్నారు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి మోటారు సైకిళ్ళు వస్తున్నాయి. మసీదు దగ్గర కూడా జనం చేరుతున్నారు, అటు కోటగిరి వైపు నుంచి బంధువులు వస్తున్నారని ఎస్సై చెప్పాడు. నా ఆఫీసుకు ఒకతను ప్లాస్టిక్ కవర్లో ఒక రాయి తెచ్చాడు. "సాక్ష్యం మేడం. గిదే." కాసేపటికి ఇంకొకతను ఇంకో రాయి తెచ్చాడు. అది కంకర, మొదటిది నల్లరాయి. రెండూ అదే రాయి అని ఇద్దరూ ప్రమాణం చేశారు. గిర్దావర్ ఆ రెంటినీ తీసుకుపోయి, గాలికి కొట్టుకోకుండా ఆఫీసు గేటుకు అడ్డం పెట్టాడు.

నేను పంతులుగారి ఇంటికి వెళ్ళాను. ధర్నా దగ్గరికి వచ్చి ఒక్క మాట చెప్పండి, మీరు చెప్తే లేస్తారు అన్నాను.

"నేను శాంతి వద్దంటలేను మేడం," అన్నాడాయన. "కానీ న్యాయం అయినంకనే శాంతి. ముందుగాల కొట్టింది వాళ్ళు. మౌలానా సాబ్ వచ్చి మావోనిది తప్పయింది అననీయండి. అప్పుడు నేనొస్త, నా మెడల దండ తీసి ఆయన మెడల ఏస్త."

మౌలానాగారి ఇంటికి వెళ్ళాను. ఆయన సేమ్యా పాయసం పెట్టించారు. తినే స్థితిలో లేను, కానీ వద్దంటే బాగుండదని తిన్నాను.

"మేడం, మేము ముందుగాల మాఫీ అడిగితే తప్పు మాదే అన్నట్టయితది గదా," అన్నారు. "మావోడు రాయి కొట్టలేదంటుండు. పంతులుగారిని మా గల్లీకి వచ్చి, మీకేం భయం లేదు అని చెప్పమనుండ్రి. ఆయన వస్తే నేను ఆయన చెయ్యి పట్టుకోని చౌరస్తా దాక నడుస్త."

ఇద్దరూ మంచివాళ్ళే. ఒకరి మెడలో దండ వేయడానికి ఒకరు, ఒకరి చెయ్యి పట్టుకోవడానికి ఇంకొకరు సిద్ధంగా ఉన్నారు. ముందుగా గుమ్మం దాటడానికి మాత్రం ఇద్దరిలో ఎవరూ సిద్ధంగా లేరు. చెయ్యి ముందుగా ఎత్తకూడదన్న నియమాన్ని వాళ్ళు ఎంత నిష్ఠగా పాటిస్తున్నారంటే, చెయ్యి ముందుగా చాపడం కూడా మానేశారు. జీపులో కూర్చుని నేను ఒక మాట అన్నాను. అది ఇక్కడ రాయలేను. గిర్దావర్ విననట్టు కిటికీలోంచి బయటికి చూశాడు. ఆ తర్వాత, "దవాఖానకు పోదమా మేడం? దెబ్బ తలిగినోన్ని ఎవరు అడగలే" అన్నాడు.

బోధన్ దవాఖానాలో ఆ కుర్రవాడి మంచం చుట్టూ జనం ఉన్నారు. తలకు కట్టు, మెడలో పూలదండ. ఎవరో సెల్ఫీ తీసుకుంటున్నారు. తల్లి ఒక మూల కూర్చుని ఉంది. తండ్రి లోపల లేడు. వెతికితే బయట, మోటారు సైకిళ్ళు పెట్టే రేకుల షెడ్డు కింద తువ్వాల భుజాన వేసుకుని ఒక్కడే కూర్చుని ఉన్నాడు.

"ఎట్లున్నడన్నా కొడుకు?" అని అడిగాను.

"కుట్లేసిండ్రు. మాట్లాడుతుండు. జర ఎక్వనే మాట్లాడుతుండు."

రాయి ఎటువైపు నుంచి వచ్చిందో చూశావా అని అడిగాను. గిర్దావర్ పక్కన కూర్చుని బీడీ ఇచ్చాడు. ఆయన దాన్ని ముట్టించకుండా వేళ్ళ మధ్య తిప్పాడు.

"రాయి లేదు మేడం," అన్నాడు చివరికి. "ముంగట గుంత కనబడె. క్లచ్ తొక్కిన. ఇడిసేటప్పుడు కాలు జారింది. ట్రాక్టర్ ఒక్కసారి గుంజింది. ఎనుక దబ్బుమన్నది. తిరిగి సూస్తె పోరడు కిందున్నడు. డబ్బా ఇనుపపట్టి తలిగింది నెత్తికి."

"మరి వెల్డింగాయన చెయ్యెత్తింది?"

"ఆగు ఆగు అని ఎత్తిండు. నన్ను సూసే ఎత్తిండు. పోరడు అంచు మీద ఊగుతుండని ఆయనకు కనబడ్డది. నాకు కనబడలే."

"నిన్నటి సంది ఎందుకు చెప్పలేదన్నా?" నా గొంతు పెరిగింది. చౌరస్తాలో టెంటూ, మసీదు దగ్గర గుంపూ, నా పాయసం, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి.

ఆయన కూడా గొంతు పెంచాడు. "ఏమని చెప్పాలె? కొడుకు నెత్తి నేనే పగలగొట్టిన్నని చెప్పాలెనా? వాని తల్లి లోపల కూసున్నది. పోరడు సుత రాయే అంటుండు. నేను కాదంటె వాన్ని అబద్ధాలోన్ని చేసినట్టు."

నా కోపం దిగిపోయింది. రేకు మీద వాన గట్టిపడింది. ఆయనే లేచాడు.

"పాండ్రి. చెప్త. కని వెల్డింగోని కోసం కాదు. వాడు నా ట్రాక్టర్ దమ్ము చక్రం, కేజ్‌వీల్, రెండుసార్లు అతికిచ్చిండు, రెండుసార్లు బురదల ఇరిగింది. వానితోని నాకు మాటల్లెవ్వు."

"మరి ఎవరికోసం?"

"దేవున్ని ఎనుక కూసోపెట్టుకోని నడిపిన మేడం. ఆయన ముంగటనే అయ్యింది గదంత. ఇప్పుడు ఆయన పేరు మీద అబద్ధమాడి ఒకన్ని కొట్టుడంటె, గదేం భక్తి?"

చౌరస్తాకు పోయే దారిలో జీపులో ఆయనకు నాలుగు మాటలు నేర్పించబోయాను. మనమందరం అన్నదమ్ముల్లా ఉండాలి, అన్ని మతాలూ చెప్పేది ఒక్కటే, ఇట్లాంటివి. అప్పటికి నాకు అవి కంఠతా వచ్చు. ఆయన రెండో మాటకే అడ్డం తగిలాడు.

"గవన్ని నాకు రావు. నేను పడగొట్టిన్నని చెప్త, దిగుత."

అట్లాగే చేశాడు. టెంటు కింద మైకు తీసుకుని, క్లచ్ సంగతి, గుంత సంగతి, ఇనుపపట్టి సంగతి చెప్పాడు. "రాయి లేదు. పోరన్ని పడగొట్టింది నేను," అన్నాడు. అంతే. శాంతి అనే మాట ఒక్కసారి కూడా అనలేదు.

వెనక నుంచి ఎవరో, "పైసలెన్ని ముట్టినయే నీకు?" అన్నారు.

ఆయన అటు తిరిగి చూశాడు. "నెత్తి పగిలింది నా కొడుకుది. నీకేమైంది?" అన్నాడు.

ఎవరూ ఎవరినీ కౌగిలించుకోలేదు, అట్లాంటివేమీ జరగలేదు. వెనక నిలబడ్డవాళ్ళు ఛాయ్ హోటలు వైపు జరిగారు. కొన్ని మోటారు సైకిళ్ళు స్టార్టయ్యాయి. ముందు కూర్చున్నవాళ్ళు కొందరు ఆయన వైపు, ఏదో చేతికందినదాన్ని లాక్కున్నవాణ్ణి చూసినట్టు చూశారు. కాసేపటికి పంతులుగారు వచ్చారు. మైకు తీసుకుని, సత్యం పలకడమే మన ధర్మం గొప్పతనమని మంచి ఉపన్యాసం చెప్పారు. జనం పలచబడ్డాక మౌలానాగారు కూడా ఇద్దరు పెద్దలతో నడిచి వచ్చారు. పంతులుగారు నిజంగానే దండ తీసి ఆయన మెడలో వేశారు. ఆయన నిజంగానే ఈయన చెయ్యి పట్టుకున్నారు. ఫోటోలు చాలా బాగా వచ్చాయి. రైతు అప్పటికే అక్కడ లేడు. తిరిగి దవాఖానాకు ఆటోలో పోయాడని గిర్దావర్ చెప్పాడు. మా జీపులో దింపాలన్న ఆలోచన మాలో ఎవరికీ రాలేదు.

వెల్డింగాయన సాయంత్రానికి ఇల్లు చేరాడు. షాపు షట్టరు ఒకచోట లోపలికి వంగింది గానీ షాపు నిలిచింది. ఒక వారం ఆగి ఆయన మిఠాయి డబ్బా పట్టుకుని రైతు ఇంటికి వెళ్ళాడు. రైతు గడప దగ్గరే ఆపి, "మిఠాయి ఎందుకు, కేజ్‌వీల్ సంగతి చెప్పు" అన్నాడట. వెల్డింగాయన దాన్ని తీసుకుపోయి మళ్ళీ అతికించాడు. ఈసారీ విరిగిందని రైతే నాకు చెప్పాడు, కొంత తృప్తితోనే.

మిగతాదేమీ అంత తేలిగ్గా పోలేదు. కొడుకు తండ్రితో చాలా కాలం మాట్లాడలేదు. బోధన్‌లోనే గది తీసుకుని ఉన్నాడు. భజనలో ఆయన తాళాలు ఇంకొకరి చేతికి పోయాయి. రావద్దని ఎవరూ అనలేదు, ఆయన కూర్చునే చోట ఇంకొకరు కూర్చున్నారు, అంతే. మరుసటి ఏడు గణపతికి వేరే ట్రాక్టరు మాట్లాడారు. పంతులుగారిని అడిగితే, "పిల్లగాండ్ల నిర్ణయం మేడం, నేనేం అనలే" అన్నారు. అది నిజమే. ఆయన ఏమీ అనలేదు.

జెండా పండుగ రోజు మత సామరస్యానికి కృషి చేసినందుకు ప్రశంసాపత్రాలిచ్చారు. పంతులుగారికి ఒకటి, మౌలానాగారికి ఒకటి, నాకు ఒకటి. నేను పంపిన పేర్లలో రైతు పేరు మొదటిది. అది ఎక్కడో దారిలో రాలిపోయింది. అడిగితే, ఆయన కమిటీ సభ్యుడు కాదు కదా మేడం అన్నారు. ఆ పత్రాన్ని నేను గోడకు తగిలించలేదు. పడేయనూ లేదు. ప్రభుత్వం ఇచ్చిన కాగితాన్ని పడేయడం నాకు చేతకాదు.

బదిలీకి ముందు పంట నష్టం చూడడానికి గిర్దావర్‌తో కలిసి ఆ ఊరి పొలాలకు వెళ్ళాను. రైతు ఒడ్డు మీద కనబడ్డాడు. కొడుకు ఈ మధ్య ఇంటికి వచ్చి పోతున్నాడని చెప్పాడు. పాస్‌బుక్కులో ఇంకో తప్పు దొరికిందని కూడా చెప్పాడు. వెళ్ళబోతూ, ఎన్నాళ్ళుగానో మనసులో ఉన్న మాట అడిగాను.

"అన్నా, ఆ రోజు రాయి నిజంగనే తలిగి ఉంటె ఏం చేసేటోనివి?"

ఆయన ఆలోచించలేదు కూడా.

"కొడుతుంటి. ట్రాక్టర్ మీదికెళ్ళి దుంకి అక్కడనే కొడుతుంటి. నాదే మొదటి దెబ్బ అయితుండె."

ఆయన పార భుజాన వేసుకుని ఒడ్డు వెంబడి వెళ్ళిపోయాడు.

జీపు కాలువ రోడ్డు ఎక్కాక కూడా నా చిరాకు తగ్గలేదు. ఊరినంతా నిలబెట్టిన మనిషి అని నేను అందరికీ చెప్పుకుంటున్నానే, ఆయన నోటి వెంట వచ్చిన మాట ఇదా అనిపించింది.

"ఈయన శాంతి మనిషి కాడయ్యా," అన్నాను గిర్దావర్‌తో.

"కాడు మేడం," అన్నాడతను. "గందుకే నమ్మిండ్రు."